బస్సు ఆపినట్టు

ముప్పై రూపాయల టికెట్టు.
దేవరకొండ రూట్ల దినాం వందల టికెట్లు కొట్టే చేతిల
ఇయ్యాల ఎవరో ఒక టికెట్టు పెట్టిన్రు.
డ్యూటీ లేదు, యూనిఫాం లేదు, ఎవ్వలు గుర్తువట్టలే.

రామగిరి దాటినంక గల్లీ మూలకు పాత గల్లా గోదాం.
నిజాం జమానల జొన్నలు పోసిన్రట,
ఆ తర్వాత నలభై ఏండ్లు మనుషులను పోసిన్రు.
ఈ ముక్క గైడు చెప్పలే, నేననుకున్న.

"కమాన్లు చూడండి, డంగు సున్నం, బెల్లం, కోడిగుడ్డు సొన"
అంటున్నడు సుహేల్. చిన్నోడే.
మా నల్లగొండ నీళ్లు పండ్ల మీద గీసిన చారలను
నవ్వినప్పుడల్ల చేత్తోని కప్పుకుంటున్నడు.
గోడలకు కొత్తగ సున్నమేసిన్రు.
పైకప్పు వదిలేసిన్రు, నిచ్చెన అందక గావచ్చు.
మసి అట్లనే ఉన్నది.
నా చిన్నప్పటి ఆకాశం అదే.

"ఇది మూస, ఇండ్ల కంచు కరిగేది.
ఇది గుంత, ఇండ్ల అచ్చు నిలవెట్టేది.
మైనం బొమ్మ చుట్టు మట్టి మెత్తి కాలిస్తే
మైనం కారిపోతది, బొమ్మ జాగల ఖాళీ మిగుల్తది.
ఆ ఖాళీలకే కంచు పోస్తరు."
బాగ చెప్పిండు. అందరు ఫోన్లు లేపిన్రు.
ఆ మట్టి ఎవరు తొక్కిన్రో చెప్పలే.
చెరువు మట్టి, వరి ఊక, జట్కాల అడ్డ కాడి గుర్రపు లద్దె,
మోకాళ్ల దాక చీర ఎగ్గట్టి తొక్కేది.
పేరు అండాలు.
రిజిస్టర్ల వేలిముద్ర ఉండె,
రిజిస్టరును చెదలు తిన్నయి.

మోనాచారి ముఖాలకు మొనగాడు.
పాస్‌పోర్టు ఫోటో ఇస్తే చాలు,
మీసం, పుట్టుమచ్చ, కంటికింది సంచి అన్ని దిగేటియి.
చేతులే వచ్చేటియి గావు.
చేట లెక్క ఒకటి, పార లెక్క ఒకటి.
మిర్యాలగూడ వాళ్లు ఒక విగ్రహాన్ని లారీల వాపసు తెచ్చిన్రు,
మా సారు అడుక్కుంటున్నట్టున్నడని.
ఆ రాత్రి మోనాచారి నిద్రవోలే.
తెల్లారి కాళ్లు కడుక్కుంటున్న మా అమ్మను పిలిచి
"అండాలూ, బస్సు ఆపినట్టు చెయ్యి లేపు" అన్నడు.
లేపింది.
ప్లాస్టరు పూసిన్రు, ఆరేదాక కదలొద్దన్నరు.
నాకు ఐదేండ్లు.
అమ్మ ముక్కు మీది ఈగను నేనే తోలిన.

అప్పటిసంది విగ్రహం ఎవరిదైనా చెయ్యి అదే.
మగోళ్లకు కొంచెం లావు చేసేటోడు, అంతే.
చిటికెన వేలిని మాత్రం సరిచెయ్యలే,
కొడవలికి తెగి వంకరగ అతుక్కున్న వేలు.
భయమో, మర్యాదో.

నకిరేకల్ల, చిట్యాలల, కొండమల్లేపల్లి చౌరస్తల,
పార్టీలు వేరు, కులాలు వేరు, కండువాలు వేరు.
జయంతికి దండలేస్తరు, మళ్ల జయంతి దాక పిట్టలు చూసుకుంటయి.
ఒకపారి కొట్లాటల ఒకాయన తల పగిలింది,
చెయ్యి మిగిలింది.
చౌరస్త వచ్చిందంటే చాలు
అమ్మ బస్సు ఆపుతుంటది.
డ్రైవర్ జంగయ్య ఆపడు, ఆయనకెట్ల తెలుస్తది.
రైట్ రైట్ అనేదాన్ని నేనే.

ఆఖరి అర్రల అద్దాల పెట్టె.
లోపట తెల్లగ, మోచేతి దాక, ఒక్కతే.
కింద అట్టముక్క: నాయకుని హస్తం, నమూనా.
"ఆ వేలు వంపు చూడండి, శిల్పి శైలి" అన్నడు సుహేల్.
"అది కొడవలి శైలి బిడ్డా" అన్న.
ముందలికి పోయినోళ్లు తిరిగి చూసిన్రు.
మొత్తం చెప్పిన, ఈగతోని సహా.

పిలగాడు నవ్వలే, నోరు కప్పుకోలే.
జేబులకెళ్లి పెన్ను తీసిండు, అట్టముక్క దిక్కు చూసిండు,
"ఏమన్న సాక్ష్యం ఉన్నదా మేడం?" అన్నడు మెల్లగ,
"పెద్దసార్లు అడుగుతరు."

మనసుల చౌరస్తలు లెక్కవెట్టుకున్న.
లేదన్న.

ఒకటి యాదికొచ్చింది, అది చెప్పలే:
ప్లాస్టరు ఆరేదాక కూసున్న ఆ పూటకు
అమ్మకు కూలి కోసిన్రు,
మట్టి తొక్కలే గద.